మిషను కంటికి బొట్టు

జమ్మలమడుగు నుంచి ముద్దనూరుకు పోయే రోడ్డు పక్కన ఉన్న డ్రిప్పు పైపుల ఫ్యాక్టరీలో మనుషులు చాలామందే ఉన్నారు గానీ, బుర్ర మాత్రం ఒక్కటే ఉందని లలిత నమ్మకం. ఆ ఒక్కటీ తనదే. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అనవలసిన పని కూడా లేదు, ఆమె మూతి విరుపు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఆమె అక్కడ కంప్యూటరు ముందు కూర్చుని లెక్కలు ఎక్కించే ఉద్యోగి. ఇల్లు ప్రొద్దుటూరులో. తాత పురోహితుడు, నాన్న తాలూకాఫీసు గుమాస్తా, మొగుడు బడిపంతులు. చదువంటే అది తమ పెరట్లో తప్ప ఇంకెక్కడా మొలవని మొక్క అన్నట్టు ఉంటుంది ఆమె ధోరణి. పొద్దున్నే బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చి, ఫ్యాక్టరీ గేటు ముందు కుచ్చిళ్ళు దులుపుకునేటప్పుడు, ఈ మొద్దుల మధ్య ఇంకో రోజు గడపాలా భగవంతుడా అని నిట్టూర్చేది.

యజమాని శివశంకర్‌ది పులివెందుల. తన చీనీ (బత్తాయి) తోటలకు పైపులు కొనీ కొనీ విసిగిపోయి, ఎవడో చేసేదేంది మనమే చేసుకుంటే పోలేదా అని ఈ ఫ్యాక్టరీ పెట్టాడు. చెడ్డవాడేం కాదు. భక్తి ఎక్కువ, ఓపిక తక్కువ. మేనేజరు విష్ణువర్ధన్‌కు భక్తీ లేదు, ఓపికా లేదు, మెడలో టై మాత్రం ఉంది. నడి వేసవిలో, ప్లాస్టిక్ కరిగించే రేకుల షెడ్డు పక్కన, టై కట్టుకుని తిరిగేవాణ్ణి ఏమనాలో లలితకు తెలియక కాదు, ఉద్యోగం కావాలి కాబట్టి ఊరుకునేది.

ఆ టై ఒకసారి హైదరాబాదులో ఏదో ఎగ్జిబిషనుకు పోయి వచ్చింది. వచ్చీ రాగానే మన ఫ్యాక్టరీ గుడ్డిగా నడుస్తోందని శివశంకర్ చెవిలో నూరిపోసింది. నిజానికి అప్పటిదాకా గుడ్డిగా ఏమీ నడవలేదు. గోడౌన్లో నబీ రసూల్ అనే పెద్దాయన ఉండేవాడు. ఒక్కో మిషను నుంచి ఒక్కో పైపు చుట్ట బయటికి రాగానే గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా కొట్టేవాడు. మూడు మిషన్లకు మూడు వరసలు. ఏ మిషను ఎంత చేసిందో టీ తాగడానికి పోయేవాడికి కూడా కనబడేది. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.

అదంతా మోటు పద్ధతని తేలిపోయింది. ఆఫీసు గదిలో గోడంత టీవీ వచ్చింది. మూడు మిషన్లకు మూడు రంగుల స్తంభాలు. చుట్ట బయటికి వచ్చినప్పుడల్లా స్తంభం కాస్త పైకి లేస్తుంది. అనుకున్నంత పని జరిగితే ఆకుపచ్చ, కొంచెం తగ్గితే పసుపు, బాగా తగ్గితే ఎరుపు. అలాంటిదే ఒక టీవీ ప్రొద్దుటూరు సేల్స్ ఆఫీసులో, అవే స్తంభాలు పులివెందులలో శివశంకర్ సెల్‌ఫోనులో. చూడవచ్చినవాళ్ళు నవ్వుతారని నబీ రసూల్ గోడకు సున్నం కొట్టించారు.

ఇక శివశంకర్ సంబరం చూడాలి. తోటలో ఉన్నా, పెళ్ళిలో ఉన్నా, ఆ ఫోను తీసి పక్కవాడికి చూపించేవాడు. మనవరాలి ఫోటో చూపించినట్టు చూపించి, పచ్చగుంది చూడప్పా అనేవాడు. పక్కవాడు చూసి శానా బాగుందనేవాడు. ఏం బాగుందో ఇద్దరికీ తెలియదు. విష్ణువర్ధన్ అయితే షెడ్డులోకి పోవడమే మానేశాడు. ఆయన గది తలుపు తీస్తే ఎదురుగా షెడ్డు. ఆ తలుపు తీయడం చేతకాక, లోపల ఏం జరుగుతోందో టీవీలో చూసి తెలుసుకునేవాడు.

ఇట్లా ఉండగా దసరా వచ్చింది. ఆయుధ పూజకు శివశంకర్ పులివెందుల నుంచి కుటుంబంతో సహా దిగాడు. పని ఆపి, మిషన్లు కడిగి, మామిడాకులు కట్టి, గుమ్మడికాయ కొట్టారు. పాత మిషన్లు రెండింటికీ పనివాళ్ళు ఎక్కడ చెయ్యి అందితే అక్కడ గంధం పూసి కుంకుమ పెట్టారు. మూడోది కొత్త మిషను. దానికి తన చేత్తోనే పెట్టాలని శివశంకర్ ముచ్చటపడ్డాడు. టీవీ బిగించడానికి వచ్చిన కుర్రాడు ఎప్పుడో ఆయనకు ఒక మాట చెప్పాడు. చుట్ట జారే చోట బిగించిన ఆ గాజుబిళ్ళ ఉంది చూశారా, అది మిషనుకు కన్ను లాంటిది సార్, దాని ముందు నుంచి చుట్ట పోతేనే లెక్క పడుతుంది, అని. ఆ మాట శివశంకర్ మనసులో నాటుకుపోయింది. కన్నంటే ముఖ్యం కదా. అందుకని గంధం చిక్కగా కలిపించి, వేలితో దిట్టంగా తీసి, మూడో మిషను కంటి మీదే పూసి, దాని మీద కుంకుమ అద్ది, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

కంటికి బొట్టు పెట్టేవాడు లోకంలో ఎక్కడైనా ఉంటాడా? మన శివశంకర్ ఉన్నాడు. మేనేజరు పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాడు.

మర్నాటి నుంచి మూడో మిషను స్తంభం ఎర్రబారింది. గంధం ఎండి పొర కట్టింది. కంటికి ఒక మూల మాత్రం కాస్త సందు మిగిలింది. ఆ సందులోంచి అది ఒక చుట్టను చూసేది, రెండింటిని వదిలేసేది. మిషను ఎప్పటిలాగే తిరుగుతోంది, చుట్టలు ఎప్పటిలాగే పడుతున్నాయి, పడ్డవి పడ్డట్టే గోడౌన్లో కలిసిపోయి లారీలెక్కి పోతున్నాయి. టీవీలో మాత్రం ఎరుపు.

ఆ మిషను మీద పనిచేసేవాడు వెంకటేశు. వాళ్ళది కొండాపురం దగ్గర రిజర్వాయరులో మునిగిపోయిన ఊరు. తాతల నాటి నుంచి గొర్రెలు మేపుకుని బతికిన ఇల్లు. ప్రభుత్వం ఇచ్చిన కాలనీలో ఇళ్ళయితే వరసగా ఉన్నాయి గానీ గొర్రె మేయడానికి గడ్డిపోచ లేదు. మంద మొత్తం అమ్మేసి ఈ పనిలో చేరాడు. మాట తక్కువ, చేతి పని శుభ్రం. మిషను మీద తప్ప ఇంకెక్కడా చూడడు. కంటి మీద బొట్టును అతను చూడకపోలేదు. కానీ అది యజమాని చేత్తో పెట్టిన పూజ బొట్టు. అది తుడిస్తే ఏమన్నా ఉందా? దానికీ టీవీకీ సంబంధం ఉందన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

లలితకు వారంలోపే తెలిసింది. ఏదో సంతకం కోసం షెడ్డులోకి పోయి మూడో మిషను పక్కన నిలబడింది. చుట్ట జారింది. లెక్క పడ్డప్పుడల్లా వెలగాల్సిన, కన్ను మీది చిన్న దీపం వెలగలేదు. ఇంకోటి జారింది. వెలగలేదు. మూడోదానికి వెలిగింది. ఆమె వంగి చూసింది. ఎండిన గంధం, దాని మీద కుంకుమ. ఆమెకు నవ్వాగలేదు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది.

చెప్పి ఉండొచ్చు. ఒక్క మాట. సార్, ఆ కన్ను తుడిపించండి. అంతే. కానీ ఆమె చెప్పలేదు. ఎందుకంటే ఒకసారి నెల లెక్కల మొత్తంలో తప్పుందని చెప్పబోతే, మేడమ్ మీరు టైపింగ్ సంగతి చూసుకోండి, విశ్లేషణ మాకు వదిలెయ్యండి అన్నాడు విష్ణువర్ధన్. ఆ మాట ఆమె గుండెలో ములుకులా దిగింది. విశ్లేషణ అట, విశ్లేషణ! కానియ్యి నాయనా, కంటికి బొట్టు పెట్టుకుని బాగా విశ్లేషించుకో అనుకుంది. ఇంటికి పోయి మొగుడికి చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వడం అయ్యాక ఆయన, చెప్పకూడదూ పాపం, అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం నాకు అలవాటు లేదంది.

వినోదం రోజురోజుకూ పెరిగింది. అమ్మకాలు చూస్తే చేసిన చుట్టల కంటే ఎక్కువ ఉన్నాయి. చేయని పైపులు ఎట్లా అమ్ముతున్నామని ప్రొద్దుటూరు ఆఫీసు వాళ్ళు ఫోన్ చేశారు. బుర్ర ఉన్నవాడైతే అక్కడే ఆగి ఆలోచించేవాడు. విష్ణువర్ధన్ ఆలోచించి, పాత సరుకు లెక్క తప్పుగా ఉండి ఉంటుంది, సరిచేసెయ్యండి అని లలితకు చెప్పాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం. ఆమె అట్లాగే సార్ అని సరిచేసింది. టీవీ చెప్పింది తప్పు కావడానికి వీల్లేదు కాబట్టి లోకమే తప్పని తేల్చారు.

ఆ తరువాత వెంకటేశుకు మెమో ఇచ్చారు. పని మీద శ్రద్ధ లేదని, పద్ధతి మార్చుకోకపోతే తీసేస్తామని. ఆ మెమో టైపు చేసింది లలితే. విష్ణువర్ధన్ చెప్పిన వాక్యంలో తెలుగు తప్పులుంటే దిద్ది మరీ టైపు చేసింది. ఇంత తెలివితక్కువ కాగితం ఎక్కడా నిలవదు, రేపో మాపో వీళ్ళ బండారం బయటపడుతుంది, అప్పుడు చూడాలి ఈ టై మొహం అనుకుంది.

వెంకటేశును పిలిపించి టీవీ ముందు నిలబెట్టారు. షెడ్డులో నుంచి వచ్చాడు కాబట్టి చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. విష్ణువర్ధన్ కర్రతో ఎర్ర స్తంభం చూపించి, రెండు ఆకుపచ్చ స్తంభాలు చూపించి, మళ్ళీ ఎర్రది చూపించాడు. బడిలో పిల్లవాడికి చెప్పినట్టు.

"వాళ్ళిద్దరు ఎన్ని చేస్తాండారో నేనూ అన్నే చేస్తాండా సార్," అన్నాడు వెంకటేశు. "ఒక్కసారి లోపలికొచ్చి చుట్టలు చూడండి."

"చుట్టలు కాదయ్యా చూడాల్సింది," అన్నాడు విష్ణువర్ధన్. "ఇది చూడు."

లలిత తన కుర్చీలో కూర్చుని ఆ దృశ్యమంతా చూసింది. ఎవరి మీద ఎక్కువ అసహ్యం వేసిందో ఆమెకే తెలియదు. ఎదురు మాట్లాడడం రాని వెంకటేశు మీద కూడా కాస్త వేసింది.

మెమోతో స్తంభం పచ్చబడలేదు. ఎట్లా పడుతుంది? ఇంకో మెమో ఇచ్చారు. అదీ ఆమే టైపు చేసింది. చివరికి ఒకరోజు పులివెందుల నుంచి శివశంకర్ ఫోన్ చేసి, ఆ ఎర్రది చూడలేకుండా ఉండా, దాని సంగతేందో తేల్చెయ్ అన్నాడు. విష్ణువర్ధన్ తేల్చేశాడు. ఆ సాయంత్రంతో వెంకటేశుకు పని ఆఖరు. మర్నాటి నుంచి మూడో మిషను మీద తిరుపాల్ అని కొత్త మనిషి.

పోయే ముందు వెంకటేశు ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మేనేజరు లేడు. లలిత ఒక్కతే ఉంది.

"నువ్వు చదువుకున్నదానివి అక్కా. సారుకు ఒక మాట చెప్పి చూడు," అన్నాడు. "పని పోతే ఇంట్లో చెప్పుకోలేను."

ఆమె తలెత్తి చూడలేకపోయింది. చూద్దాంలే అంది. అతను తలూపి, చూద్దాం అన్నదాన్నే పెద్ద హామీగా పట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు గానీ లలిత నవ్వు పూర్తిగా చావలేదు. నవ్వు నాలుగు విధాల చేటని చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వినలేదు! ఇప్పుడు పోయి చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు. అయినా ఆ మేనేజరు ముందు నిలబడి, విశ్లేషణ చేసినాను సార్ వినండి అని బతిమాలాలా? అక్కర్లేదు. తెలివైనవాళ్ళకు తెలివైన దారులుంటాయి. ఆ సాయంత్రం పని ముగిసి షెడ్డు ఖాళీ అయ్యాక ఆమె లోపలికి పోయి, చీర చెంగు నీళ్ళతో తడిపి, మూడో మిషను కన్ను శుభ్రంగా తుడిచేసింది. గంధం పొర ఊడి వచ్చింది. రేపు పొద్దున స్తంభం పచ్చబడుతుంది. ఇన్నాళ్ళూ తప్పు మనిషిది కాదు, మిషనుదని ఎంత మొద్దుకైనా తెలుస్తుంది. వెంకటేశును వాళ్ళే పిలుస్తారు. తన నోరు నొప్పి పెట్టుకోవలసిన పని లేదు.

అంతా ఆమె అనుకున్నట్టే జరిగింది. మర్నాడు స్తంభం సర్రున లేచి పచ్చబడింది. ఒక్కటి తప్ప అంతా.

విష్ణువర్ధన్ టీవీ ముందు చిందులొక్కటే తక్కువ. చూసినారా మేడమ్, మనిషిని మార్చాను, మిషను మారింది అన్నాడు. ఆ రోజే రంగుల కాగితం మీద ఒక గ్రాఫు తీయించాడు. కింద నేల మీద పాకే ఎర్ర గీత, వెంకటేశు పేరు. దాని పక్కన నిట్టనిలువుగా లేచే ఆకుపచ్చ గీత, తిరుపాల్ పేరు. రెండింటి మధ్య ఒక చుక్కల గీత, ఇక్కడ నిర్ణయం తీసుకోబడినది అని. ఆ గ్రాఫు చూస్తే పసిపిల్లవాడికి కూడా అర్థమవుతుంది వెంకటేశు ఎంత పనిదొంగో. నిన్నటిదాకా ఒట్టి ఎరుపే ఉండేది. దాని పక్కన పచ్చ గీత తెచ్చి నిలబెట్టి, రుజువు పూర్తి చేసింది లలిత తడి చెంగే.

ఆ వారం ప్రొద్దుటూరు ఆఫీసులో సమావేశం. శివశంకర్ వచ్చాడు. విష్ణువర్ధన్ గ్రాఫును టీవీలో వేసి, నిర్ణయాలు ఎట్లా తీసుకోవాలో చాలాసేపు చెప్పాడు. మిగతా రెండు మిషన్ల వాళ్ళకు కూడా ముందు జాగ్రత్తగా మెమోలిస్తే వాటి స్తంభాలు కూడా ఇంకా లేస్తాయన్నాడు. తిరుపాల్‌కు శాలువా కప్పాలన్నాడు. కాగితాలు అందించడానికి వచ్చిన లలిత గోడ పక్కన నిలబడి వింటోంది. శాలువా మాట దాకా ఓర్చుకుంది. ఇక ఆగలేకపోయింది.

తప్పు వెంకటేశుది కాదని చెప్పింది. దసరాకు పెట్టిన గంధం మిషను కంటికి పొర కట్టిందని, అది మూడింటికి ఒక్కదాన్ని లెక్కపెట్టిందని, చుట్టలన్నీ అమ్ముడుపోయాయని, అందుకే సరుకు లెక్క కుదరలేదని, అన్నీ వరసగా చెప్పింది. ఎక్కడా మాట తడబడలేదు.

విష్ణువర్ధన్ నవ్వాడు. కన్ను శుభ్రంగా ఉంది, కావాలంటే ఎవరినైనా పంపి చూపించండన్నాడు.

"నేనే తుడిచినా," అంది లలిత. "వెంకటేశు పోయిన సాయంత్రం."

శివశంకర్ మాత్రం నవ్వలేదు. తన బొట్టు తుడిచారని కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. చీనీ చెట్టు ఎండితే నీళ్ళు తక్కువయ్యాయా, వేరు కుళ్ళిందా అని తవ్వి చూసే రైతు ఆయన. ఆమె చెప్పింది ఒక్కసారికే అర్థమైంది. తన వేలి వైపు ఒకసారి చూసుకుని, నెమ్మదిగా అడిగాడు.

"నీకు ఎప్పుడు తెలిసిందమ్మా ఇది?"

"దసరా అయిన వారానికే సార్."

"వారానికే తెలిసి ఇంతకాలం చెప్పకుండా ఎట్లుంటివి? నేను ఎర్రివాన్నే అనుకో. ఎర్రివానికి చెప్పేదానికి నీకేమొచ్చింది?"

లలిత దగ్గర జవాబుంది. మీరు చెబితే అర్థం చేసుకునేవాళ్ళు కారని. కానీ ఆ మనిషి ఇప్పుడే, ఆమె కళ్ళ ముందే, అర్థం చేసుకున్నాడు. ఆ జవాబు నోట్లోనే చచ్చింది. ఆమె తల దించుకుంది. టై తన కాగితాలు సర్దుకుంది.

న్యాయం జరుగుతుందని ఆమె అనుకుంది. జరిగిందేమంటే, శివశంకర్ చాలాసేపు ఆ ఆకుపచ్చ గీత వైపు చూశాడు. మిషను ఇప్పుడు పచ్చగా తిరుగుతోంది, తిరుపాల్ చెయ్యి దానికి కలిసొచ్చింది, ఇప్పుడు చెయ్యి మారిస్తే ఏమవుతుందోనన్నాడు. వెంకటేశుకు గోడౌన్లో చుట్టలు మోసే పని ఇద్దామన్నాడు. చెయ్యి కాదురా నాయనా, గంధం, గంధం అని లలిత లోపల అరిచింది. పైకి అనలేదు. అనే అర్హత కాసేపటి క్రితమే పోగొట్టుకుంది. విష్ణువర్ధన్ బాగుంది సార్ అన్నాడు, ఆయన ఉద్యోగానికి ఏ ఢోకా లేదు.

"ఫోన్ నువ్వే జెయ్," అన్నాడు శివశంకర్ ఆమెతో. "జరిగిందంతా తెలిసిందానివి నువ్వే గదా. నువ్వే చెప్పల్ల."

ఆమె వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. అంతా చెప్పాలనే చేసింది. నాకు ముందే తెలుసు వెంకటేశూ, నీ మెమోలు నేనే టైపు చేసినా, నవ్వుకుంటా టైపు చేసినా, అని మొదలుపెట్టాలని మాటలు కూడా పేర్చుకుంది. అవతల అతను ఒక్కసారి మోగగానే ఎత్తాడు. అక్కా అన్నాడు. ఆ అక్కాలో ఉన్న ఆశ వినగానే పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. గోడౌన్లో మోత పని ఇస్తారట, రేపటి నుంచి రమ్మన్నారు, అని మాత్రం చెప్పింది.

మిషను పని కాదా అని అతను అడుగుతాడనుకుంది. అడగలేదు.

"వస్తాక్కా, రాక యాడికి పోతా," అన్నాడు. "నువ్వే చెప్పింటావని నాకు తెలుసులే. ఆ ఫ్యాక్టరీలో మా గురించి పట్టించుకునే మనిషివి నువ్వొక్కదానివే. నీ మేలు మర్చిపోను."

"దానికేముందిలే వెంకటేశూ," అంది లలిత.